సవరణ: ఓకాకు జెట్ ఇంజిన్ కాదు, రాకెట్లు

మనిషి నడిపే జపాన్ బాంబు ‘ఓకా’ ఓకినావా యుద్ధంలో జెట్ ఇంజిన్‌తో ఎగిరిందని నిన్న రాశాను. తప్పు. 1945లో యుద్ధానికి వెళ్లింది మోడల్ 11. దాని తోకలో ఉన్నవి మూడు ఘన ఇంధన రాకెట్లు. ఒక్కొక్కటి పది సెకన్లకు మించి మండదు, మిగతా దారంతా గ్లైడింగే. అందుకే 1,200 కిలోల వార్‌హెడ్‌తో సహా దాన్ని ‘బెట్టీ’ బాంబర్ పొట్ట కింద తగిలించి లక్ష్యానికి సుమారు 35 కిలోమీటర్ల దగ్గరదాకా మోసుకెళ్లాలి. అసలు చిక్కు అదే. ఆ బరువుతో నెమ్మదించిన బాంబర్లు ముందే ఫైటర్లకు దొరికిపోయేవి. మార్చి 21న వెళ్లిన 18 బెట్టీల్లో ఒక్కటీ తిరిగి రాలేదు.

జెట్ ఉన్నది మోడల్ 22కి, అదీ మోటార్‌జెట్, అంటే మామూలు పిస్టన్ ఇంజిన్‌తో గాలిని కుదించే రకం జెట్. వార్‌హెడ్ 600 కిలోలే, యుద్ధంలో వాడనేలేదు. అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉన్నది ఈ రకమే. మ్యూజియం వివరాలు మళ్లీ చూస్తే, రెండు మోడళ్లనూ నేనే కలిపేశానని తేలింది.