అప్పటికి కరెక్టే అంటే ఎలా?
స్కాట్లండ్‌లోని లాక్‌నెస్ సరస్సులో ఉందని చెప్పుకునే వింతజంతువు మీద వచ్చిన పాత డాక్యుమెంటరీలు 'అప్పటికి తెలిసినంతలో కరెక్టే' అని ఒక వ్యాసంలో రాశారు. నాకు అక్కడే పేచీ. ఆ జంతువుదేనంటూ చూపించే 1934 నాటి పొడుగుమెడ ఫొటోనే తీసుకోండి. బొమ్మ సబ్‌మెరైన్‌కి తల అతికించి తీశారని 1994లో గానీ అందరికీ తెలియలేదు, అది ముందే తెలియనందుకు ఎవర్నీ తప్పుపట్టలేం. కానీ టీవీలో మనకి చూపించేది అంచులు కత్తిరించిన ఫొటో. కత్తిరించనిదాంట్లో చుట్టూ బోలెడు నీళ్ళు, మధ్యలో ఇంతే ఇంత ఆకారం. రెండూ పక్కపక్కన పెడితే చిన్నపిల్లాడికైనా అనుమానం వచ్చేది. మాది విజయనగరం. చిన్నప్పుడు కేబుల్‌లో అలాంటి ప్రోగ్రాం ఒకటి చూసిన మర్నాడే పెద్దచెరువు గట్టు మీద ఉండగా నీళ్ళలోంచి నల్లటి మెడ లేచింది. గుండె ఝల్లుమంది, మా తమ్ముడైతే సైకిలు వదిలేసి ఒకటే పరుగు. తీరా చూస్తే నీటికాకి! ఒళ్ళు నీళ్ళలో ముంచేసి మెడ ఒక్కటే పైకి పెట్టి ఈదుతుందది. కాసేపటికి రాయెక్కి తాపీగా రెక్కలు ఆరబెట్టుకుంది. దూరం నుంచి చూస్తే పక్షి కూడా అలాగే కనిపిస్తుందని ఆ ప్రోగ్రాంలో ఒక్క ముక్క చెప్పినా మా సైకిలు హ్యాండిలు వంగేది కాదు.