ఇంజనుకు తుప్పు పట్టించడం ఎలా?

ఊటీ బొమ్మ రైలెక్కి వచ్చినవాళ్ళందరూ చెప్పేది ఒకటే. లోయలు, టీ తోటలు, కోతులు, సొరంగంలోకి దూరగానే బోగీ మొత్తం కలిసి పెట్టే కేక. స్టేషన్ల ముందు దిమ్మె మీద, షెడ్డు వెనక గడ్డిలో నిలబడ్డ పాత ఆవిరి ఇంజను ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. దాని ముందు నిలబడి ఫోటో దిగుతారు, పిల్లాణ్ణి మెట్టు మీద కూర్చోబెడతారు, టీ తాగడానికి వెళ్ళిపోతారు. ఆ ఇంజను ఆ స్థితికి రావడానికి ఎంత ఓపిక కావాలో, ఎన్ని వానాకాలాలు పడతాయో ఒక్కరూ అడగరు. తుప్పు దానంతటదే పడుతుందనుకుంటారు. పొరపాటు. మంచి తుప్పు పట్టించాలి. అది చేతనైనవాళ్ళు మన దేశంలో ఎందరో ఉన్నా, ఆ విద్యను ఇంతవరకూ ఎవరూ కాగితం మీద పెట్టలేదు. ఆ లోటు తీర్చడానికే ఈ వ్యాసం.

ముందు సరుకు సంగతి. ఆ బొమ్మ రైలు నడిచే నీలగిరి రైలు దారి మేట్టుపాళయం నుంచి ఉదగమండలం, అంటే ఊటీ దాకా సుమారు 46 కిలోమీటర్లు, మీటర్ గేజి, అంటే రెండు పట్టాల నడుమ ఒక మీటరు ఎడం. కూనూరు దాకా 1899లో, ఆ పైన 1908లో తెరిచారు. కల్లార్ దాటాక కూనూరు వరకూ 12.5కి 1 వాలు, అంటే పన్నెండున్నర మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి. మామూలు చక్రం అక్కడ జారిపోతుంది. అందుకే పట్టాల నడుమ పళ్ళ పట్టా వేశారు, దాన్ని పట్టుకుని ఎక్కడానికి ఇంజను అడుగున పళ్ళ చక్రాలు పెట్టారు. ఈ పని కోసం స్విట్జర్లాండ్‌లోని వింటర్‌టూర్‌లో కట్టిన ఎక్స్ క్లాస్ ఇంజనుకు నాలుగు సిలిండర్లు. కింది రెండూ మామూలు చక్రాలను తిప్పుతాయి. అక్కడ పని చేసి ఒత్తిడి తగ్గిన ఆవిరి పై రెండు సిలిండర్లలోకి పోయి పళ్ళ చక్రాలను తిప్పుతుంది. ఒకే ఆవిరితో రెండు చాకిరీలు. ఇంత తెలివిగా కట్టిన యంత్రాన్ని పాడుచెయ్యాలంటే మామూలు నిర్లక్ష్యం చాలదు.

మొదటి మెట్టు నిప్పు ఆర్పిన రోజే ఎక్కాలి. ఇంజను చివరిసారి షెడ్డులోకి రాగానే బొగ్గు మండే గ్రేటు మీది బూడిద, చిమ్నీ కింద పొగ చేరే స్మోక్‌బాక్స్ అడుగున పేరుకున్న మసి అలాగే వదిలెయ్యండి. బొగ్గులో గంధకం ఉంటుంది. పొడిగా ఉన్నంతసేపూ ఆ బూడిద సాధు జంతువు. చిమ్నీకి మూత పెట్టకపోతే వాన నేరుగా లోపలికి దిగుతుంది, తడిసిన బూడిద ఆమ్లమవుతుంది, అడుగు రేకును తినడం మొదలుపెడుతుంది. చిమ్నీ మూత అంటే ఏదో పెద్ద సామాను కాదు, ఒక గుండ్రటి రేకు, దాన్ని కట్టడానికి నాలుగు మూరల తీగ. ఆ రేకు లేకపోవడం వల్లే మన దేశంలో ఎన్ని ఇంజన్లు వారసత్వ సంపద హోదా పొందాయో!

రెండోది నీళ్ళు. బాయిలరును సగం నిండుగా వదిలెయ్యాలి. ఈ 'సగం' అన్న మాట గట్టిగా గుర్తు పెట్టుకోండి, ఎందుకంటే బాయిలరును కాపాడదలచుకున్న మూర్ఖులకు రెండు దారులున్నాయి. ఒకటి పొడి దారి: నీళ్ళన్నీ తీసేసి, కడగడానికి పెట్టిన వాషవుట్ ప్లగ్గులు, అడుగున మడ్డి తీసే తలుపులు విప్పి, లోపలి మురికి కడిగి, వెచ్చటి గాలితో ఆరబెట్టి, పళ్ళాల్లో చెమ్మ పీల్చడానికి నీళ్ళు తగలని కాల్చిన సున్నమో సిలికా జెల్లో పెట్టి మూసెయ్యడం, ఆ పళ్ళాలను అప్పుడప్పుడూ మార్చడం. రెండోది తడి దారి: గాలి బుడగ కూడా మిగలకుండా మెడదాకా నింపి, నీటి పీహెచ్ పది పైకి తెచ్చి, కరిగిన ఆక్సిజన్‌ను లాక్కోవడానికి సోడియం సల్ఫైట్ కలపడం. రెండింటిలో ఏది చేసినా తుప్పుకు అన్నం పుట్టదు. సగం నీళ్ళుంటే మాత్రం నీరూ గాలీ కలిసే గీత వెంబడి ఉక్కు మీద మశూచి మచ్చల్లా గుంటలు పడతాయి. బయటికి ఒక్కటీ కనబడదు. అది ఈ పద్ధతిలోని అందం.

బాయిలరు పైన రేకు తొడుగు, దాని కింద వేడి పోకుండా చుట్టిన పొర. రేకు అతుకుల్లోంచి వాన దిగితే ఆ పొర తడిసిన బొంతలా నీళ్ళు పట్టుకుని కూర్చుంటుంది. బయట ఎండ కాస్తున్నా లోపల ఏడాదంతా శ్రావణమాసమే. (పాత ఇంజన్లలో ఆ పొర ఆస్‌బెస్టాస్ కావచ్చు. ఇక్కడ వేళాకోళం లేదు: దాన్ని చేత్తో పీకకండి, దులపకండి. అది ఊపిరితిత్తుల్లో దిగితే మళ్ళీ బయటికి రాదు.)

ఇక కదలకుండా ఉంచడం. సిలిండర్ల కింద నీళ్ళు వదిలే డ్రెయిన్ కాక్‌లు మూసే ఉంచండి. అడుగున మిగిలిన నీటి చుక్క పిస్టన్ రింగులనూ సిలిండర్ గోడనూ అన్నదమ్ముల్లా కలిపేస్తుంది. షెడ్డులో పని తెలిసినవాళ్ళయితే లోపల నూనె పోసి, నెలకోసారి ఇంజనును ఒక చుట్టు తోసి, ఇరుసు వేరే చోట ఆనేలా ఆపుతారు. ఒకే చోట ఏళ్ళ తరబడి ఆనితే బరువుకి నూనె పొర నలిగి పక్కకు పోతుంది, అక్కడ చెమ్మ చేరుతుంది. తోయడానికి మనుషులు కావాలి, మనుషులకు ఉత్తర్వు కావాలి, ఉత్తర్వుకు ఫైలు కావాలి. ఫైలు తుప్పు పట్టదు, చెదలు పడుతుంది. అది వేరే శాస్త్రం.

ఇత్తడి గురించి నేను ప్రత్యేకంగా ఏమీ చెప్పనక్కర్లేదు. విజిలు, గేజి కాక్‌లు, ఇంజెక్టర్లు, నంబరు పలక, ఈ వరసలోనే మాయమవుతాయి. కొన్ని పాత ఇంజన్లలో నిప్పు మండే గది, అంటే లోపలి ఫైర్‌బాక్స్ కూడా రాగిదే. తూకం వేసేవాడికి చరిత్ర ఎంత బాగా తెలుసో చూడండి.

ఈ విద్యలో పరాయి దేశాలూ తక్కువ తినలేదు. అలాస్కాలోని స్కాగ్వే నుంచి కొండలెక్కే వైట్ పాస్ అండ్ యూకాన్ రైల్వే బంగారం వెర్రి రోజుల్లో, 1898లో మొదలైన మూడడుగుల గేజి దారి. అక్కడివాళ్ళు పాతబడ్డ ఇంజన్లను స్కాగ్వే నది ఒడ్డు కోసుకుపోకుండా బండరాళ్ళకు బదులు అడ్డం పడేశారు. ఆ దారి 1982లో మూతపడి, 1988లో టూరిస్టుల కోసం మళ్ళీ తెరుచుకుంది. నాకు వాళ్ళ మీద గౌరవం. మనం ఇంజనును తోటలో పెట్టి 'పరిరక్షించాం' అంటాం. వాళ్ళు నదిలో పడేసి 'గట్టు కట్టాం' అన్నారు. ఎవరు అబద్ధమాడలేదో మీరే తేల్చండి.

మనవాళ్ళ అసలు ప్రతిభ దిమ్మె దగ్గర బయటపడుతుంది. సిమెంటు దిమ్మె కట్టి, దాని మీద రెండు పట్టాలు పాతి, నీరు పోయే దారి వదలకుండా చుట్టూ చిన్న గట్టు కట్టి, ఇంజనును దించాలి. నీడకని పైన ఒక చెట్టు ఉంటే మంచిది. రాలిన ఆకులు ఫ్రేము మూలల్లో కుళ్ళి చెమ్మను విడవకుండా పట్టుకుంటాయి. ఇంజను పక్కనుండే నీళ్ళ ట్యాంకుల అడుగు రేకులు ముందు పోతాయి. రెండు రేకుల మధ్య తుప్పు చేరితే ఇనుముకంటే ఎన్నో రెట్లు చోటు అడుగుతుంది, రివెట్లను తెంచుకుని రేకును పూరీలా పొంగిస్తుంది.

ఇక రంగు. ప్రముఖులు వచ్చే ముందు రోజు పొద్దున్నే హోసుతో కడగాలి. ఆరనివ్వకూడదు. గోకకూడదు, ప్రైమరు వెయ్యకూడదు. నేరుగా తుప్పు పొరల మీదే బాయిలరుకు నలుపు, ముందుండే అడ్డ దూలానికి, అంటే బఫర్ బీముకు ఎరుపు, స్మోక్‌బాక్స్ మూతికి అల్యూమినియం రంగు. చేతికందిన రాడ్లకూ, నూనె పోసే రంధ్రాలకూ, మెరవాల్సిన ఉక్కు భాగాలకూ అదే డబ్బా. మూడేళ్ళకోసారి ఇలా వేస్తూ పోతే కొన్నాళ్ళకు ఆకారాన్ని నిలబెట్టేది ఉక్కు కాదు, పెయింటే.

ఈలోగా తిరుచ్చి గోల్డెన్ రాక్ వర్క్‌షాపు 2011 నుంచి ఇదే దారికి ఇదే రకం ఇంజన్లను కొత్తగా కట్టి పంపుతోంది. చమురుతో నడిచేవి, తర్వాత బొగ్గుతో నడిచేది కూడా. ఇంత మంచి పని చేసేవాళ్ళున్న దేశంలో తుప్పు విద్య నిలవడం ఎంత కష్టమో ఊహించండి. తుప్పు రసికులకు మరో ఇబ్బంది, పాత ఇంజనును మళ్ళీ నడపాలనే పిచ్చివాళ్ళు. వాళ్ళు ముందుగా అల్ట్రాసోనిక్ మీటరుతో రేకు మందం కొలుస్తారు, తర్వాత ఫైర్‌బాక్స్ రేకులను బిగించి పట్టే స్టే బోల్టులను ఒక్కొక్కటిగా సుత్తితో తట్టి వింటారు, చివరికి బాయిలరును నీటితో నింపి, మామూలుగా పని ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు ఎక్కించి చూస్తారు.

మీ ఇంజను ఎంతవరకూ వచ్చిందో మీరే చూసుకోవాలంటే అంత సరంజామా అక్కర్లేదు. అరకిలో సుత్తి చాలు. స్మోక్‌బాక్స్ కింద వంగి, అడుగు రేకును మెల్లగా తట్టండి. గంటలా ఖంగుమంటే మీ శ్రమ ఇంకా మిగిలుంది. తడి అట్టముక్కను తట్టినట్టు డొప్పుమంటే చివరికొచ్చింది. సుత్తి లోపలికి పోయి, ఏనాటిదో నల్లటి బూడిద జలజలమని మీ చెప్పుల మీద రాలితే కంగారు పడకండి. ఆ చిల్లికి సరిపడా గోనెగుడ్డ కుక్కి, పైన అల్యూమినియం పెయింటు కొట్టెయ్యండి. నాలుగు లీటర్ల డబ్బా తీసుకుంటే వచ్చే ఉత్సవానిక్కూడా మిగులుతుంది.