క్రాక్ కదా, యాంటీవైరస్ అట్టాగే అంటాదిలే!

నెల్లూరు ట్రంకు రోడ్డు డీటీపీ షాపుల్లో, ఒంగోలు జిరాక్స్ సెంటర్లలో, చీమకుర్తి గ్రానైట్ ఆఫీసుల అకౌంట్స్ గదుల్లో, రొయ్యల కొనుగోలుదార్ల దగ్గర రోజూ వినపడే మాట ఇది. క్రాక్ అంటే డబ్బు కట్టకుండా వాడుకునేందుకు తాళం పగలగొట్టిన సాఫ్ట్‌వేర్. విండోస్‌తో వచ్చే యాంటీవైరస్ డిఫెండర్ ఎర్రగా చూపిస్తున్నా దాన్ని ఆపేసి, ఫోల్డరును ఎక్స్‌క్లూజన్లలో (స్కాన్ చేయొద్దనే జాబితాలో) పడేసి, యాక్టివేటర్‌ని డబుల్ క్లిక్ చేస్తారు. కొన్నాళ్లకు సిస్టం నత్తనడక పడితే నడుస్తున్న ప్రోగ్రాంల జాబితా చూపే టాస్క్ మేనేజర్ తెరిచి, తెలియని పేరు కనపడగానే ఫొటో తీసి "అన్నా, ఇది వైరస్సా?" అని వాట్సాప్ గ్రూపులో పెడతారు. పది మంది పది జవాబులు ఇస్తారు, తొమ్మిది "ఫార్మాట్ కొట్టు".

ముందు ఆ ఫొటో సంగతి. పేరు చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు. ప్రోగ్రాం రాసినోడు దానికి ఏ పేరైనా పెట్టుకోవచ్చు. విండోస్ సర్వీసులను (వెనకాల నడిచే పనులను) నడిపే ఎస్‌వీసీహోస్ట్ అరవై సార్లు కనపడిందని గుండెలు బాదుకునేవాళ్లు ఉన్నారు. 2017లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి, మూడున్నర జీబీకి మించి ర్యామ్ ఉన్న సిస్టంలో చాలా సర్వీసులకు విడివిడిగా ఒక్కో ఎస్‌వీసీహోస్ట్ నడుస్తుంది. అరవై ఉన్నా మామూలే. కానీ అందులో ఒక్కటి విండోస్ ఫోల్డరులోని సిస్టమ్32 నుంచి కాక యాప్‌డేటా (ప్రోగ్రాంలు తమ సరుకు దాచుకునే ఫోల్డరు) నుంచో, పబ్లిక్ ఫోల్డరు నుంచో నడుస్తుంటే అదే దొంగ. లాగిన్ చూసుకునే ఎల్‌సాస్ కూడా అంతే. అసలుది ఒక్కటే ఉంటుంది, సిస్టమ్32లోనే ఉంటుంది. చిన్న ఎల్ స్థానంలో పెద్ద ఐ పెట్టి అచ్చం అదే పేరులా కనపడేట్టు చేసే వేషం ఇరవై ఏళ్ల నాటిది, ఇప్పటికీ జనం పడిపోతున్నారు. ఎక్స్‌ప్లోరర్ మాత్రం తిరకాసు: దాని అసలు చోటు విండోస్ ఫోల్డరే, సిస్టమ్32 కాదు.

కాబట్టి కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. డీటెయిల్స్‌లోకి వెళ్లి, పైన కాలమ్ పేర్ల మీద రైట్ క్లిక్ చేసి, సెలెక్ట్ కాలమ్స్‌లో ఇమేజ్ పాత్ నేమ్, కమాండ్ లైన్ రెండూ టిక్ పెట్టండి. ఈ పని చేసేవాళ్లు నూటికి ఒకరు కూడా ఉండరు. మొదటిది ఫైలు యాడుందో చెబుతుంది, రెండోది దాన్ని ఏమని పిలిచారో చెబుతుంది. యాప్‌డేటాలో ఉన్నవన్నీ చెడ్డవి అనుకోవద్దు, జూమ్ లాంటివి మామూలుగానే అక్కడ కూర్చుంటాయి. టెంప్ ఫోల్డరు నుంచి రోజుల తరబడి నడిచేదాన్ని మాత్రం అనుమానించాల్సిందే.

కమాండ్ లైన్ ఎందుకంటే, ఇప్పటి మాల్వేర్ (వైరస్సుల లాంటి దొంగ ప్రోగ్రాంలు) చాలాసార్లు సొంత ప్రోగ్రాం ఫైలు తెచ్చుకోదు. పవర్‌షెల్, డబ్ల్యూస్క్రిప్ట్, ఎంఎస్‌హెచ్‌టీఏ, రన్‌డీఎల్ఎల్32 అన్నీ మైక్రోసాఫ్ట్‌వే. ఏ యాంటీవైరస్సూ ఆ ఫైళ్లను తప్పుపట్టదు. పవర్‌షెల్ పక్కన 'హిడెన్' అని, 'ఎన్‌కోడెడ్ కమాండ్' అని, ఆ వెనకాల అర్థంపర్థం లేని అక్షరాలు రెండు లైన్లు ఉంటే తప్పు వాటిలో ఉంది. జిరాక్స్ షాపుల పెన్ డ్రైవుల్లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయే జబ్బు తెలుసు కదా, అదీ ఇదే బాపతు: డబ్ల్యూస్క్రిప్ట్ కూర్చుని ఒక చిన్న స్క్రిప్టును నడుపుతుంటుంది. పెన్ డ్రైవ్ ఎన్నిసార్లు శుభ్రం చేసినా మళ్లీ వస్తుందంటే, రోగం సిస్టంలో ఉందని అర్థం.

ఇక సంతకం. ఫైలు మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, డిజిటల్ సిగ్నేచర్స్. ఆ ట్యాబే లేకపోతే దొంగది అని తేల్చేస్తారు చాలామంది. విండోస్ సొంత ఫైళ్లలో చాలావాటికి ఆ ట్యాబు ఉండదు, నోట్‌ప్యాడ్‌దే చూసుకోండి. వాటి సంతకాలు విడిగా క్యాటలాగ్ ఫైళ్లలో ఉంటాయి. అట్టాగే, సంతకం ఉంటే మంచిది అని కూడా కాదు. బియ్యం బస్తా మూతి కుట్టు ఎవరిదో, మధ్యలో ఎవరైనా విప్పారో లేదో అది చెబుతుంది గానీ లోపల రాళ్లున్నాయో లేదో చెప్పదు. 2010లో బయటపడ్డ స్టక్స్‌నెట్ అనే వైరస్‌కి రియల్‌టెక్ కంపెనీ నుంచి దొంగిలించిన సర్టిఫికెట్‌తో సంతకం పెట్టారు. 2017లో సిస్టం శుభ్రం చేసే సీక్లీనర్ 5.33 వెర్షన్ అసలు కంపెనీ సైటు నుంచి, అసలు సంతకంతోనే, లోపల బ్యాక్‌డోర్‌తో (దొంగదారితో) వచ్చింది.

పనిలో పనిగా ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ దింపుకోండి, టాస్క్ మేనేజర్‌కి అన్న లాంటిది. మైక్రోసాఫ్ట్‌దే, ఉచితం, ఇన్‌స్టాల్ అక్కర్లేదు. ఆప్షన్స్‌లో వెరిఫై ఇమేజ్ సిగ్నేచర్స్ పెట్టండి, దాని కిందే వైరస్‌టోటల్ చెక్ కూడా పెట్టండి. ప్రతి ప్రోగ్రాం హాష్‌ను (ఫైలు వేలిముద్ర లాంటిది) వైరస్‌టోటల్ సైటుకి పంపి, డెబ్భై దాకా యాంటీవైరస్సులు దాన్ని ఏమంటున్నాయో ఒక కాలమ్‌లో చూపిస్తుంది. డెబ్భైలో ఒకటో రెండో, అదీ ఊరూ పేరూ తెలియనివి, 'జెనెరిక్' అంటే కంగారు పడక్కర్లేదు. పదిహేను దాటితే వాదించక్కర్లేదు. అంకె కంటే నేను ముందు చూసేది వైరస్‌టోటల్ సైటు డీటెయిల్స్‌లో ఫస్ట్ సబ్మిషన్ తేదీ. ఐదేళ్ల కిందటి ప్రోగ్రాం అని చెప్పుకునే ఫైలు ప్రపంచంలో మొదటిసారి మొన్న కనపడిందంటే ఏందో తేడా ఉంది. ఒక జాగ్రత్త: కస్టమర్ల దస్తావేజులు, ఆధార్ కాపీలు ఆ సైటుకి ఎక్కించొద్దు. ఎక్కించినవి డబ్బు కట్టిన చందాదార్లు దింపుకోగలరు.

ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్లోనే ఏ ప్రోగ్రాం దేన్ని పుట్టించిందో కూడా చెట్టులా కనపడుతుంది. ఎస్‌వీసీహోస్ట్ పైన సర్వీసెస్ ఉండాలి. వర్డ్ కింద పవర్‌షెల్ పుట్టిందంటే నెట్ కేబుల్ పీకేయండి, మిగతావి తర్వాత. మళ్లీ మళ్లీ లేచేదానికి ఆటోరన్స్ చూడాలి, వాటంతటవే మొదలయ్యే ప్రోగ్రాంలను చూపే మైక్రోసాఫ్ట్ సాధనం అది. అందులో మైక్రోసాఫ్ట్ ఎంట్రీలు దాచిపెట్టి, షెడ్యూల్డ్ టాస్క్స్ ట్యాబు ముందు తెరవండి, ఈ మధ్య చాలా మాల్వేర్ దూరేది అక్కడే.

ఇప్పుడు క్రాక్ దగ్గరికి వస్తా. "క్రాక్‌ని యాంటీవైరస్ అట్టాగే అంటాది" అన్న మాటలో సగం నిజం ఉంది. యాక్టివేటర్లో ఇంకేమీ లేకపోయినా డిఫెండర్ దాన్ని హ్యాక్‌టూల్ అంటుంది. గొడవంతా అక్కడే. హెచ్చరిక ఎట్టాగూ వస్తుందని తెలుసు కాబట్టి, నిజమైన దొంగ ఆ హెచ్చరిక వెనకే నక్కుతాడు. 2021లో కేఎంఎస్‌పికో అనే యాక్టివేటర్ నకిలీ ఇన్‌స్టాలర్లలో క్రిప్ట్‌బాట్ అనే పాస్‌వర్డ్ దొంగ దొరికింది. ఎంఎస్ ఆఫీసు యాక్టివేట్ అయింది, కస్టమర్ సంతోషించాడు, బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డ్‌లు పోయాయి. ఈ రకం దొంగలు చాలావరకు ఒక్కసారి నడిచి, కుకీలతో (బ్రౌజర్ మీ లాగిన్ గుర్తుపెట్టుకునే ఫైళ్లు) సహా ఊడ్చేసి, తమను తామే చెరిపేసుకుంటాయి. మరుసటి రోజు టాస్క్ మేనేజర్లో యాడ వెతుకుతారు? కుకీ పోయిందంటే ఓటీపీ కూడా అడగకుండానే మీ జీమెయిల్ తెరుచుకుంటుంది.

క్రాక్ వచ్చే జిప్‌కి 1234 అని పాస్‌వర్డ్ ఎందుకు పెడతారో ఎప్పుడైనా ఆలోచించారా? లోపలున్నదాన్ని స్కానర్ చదవకూడదని. చిన్న ప్యాచ్ ఐదు వందల ఎంబీ ఎందుకుంటుంది? మరీ పెద్ద ఫైళ్లను చాలా స్కానర్లు వదిలేస్తాయని ఉత్త సున్నాలు నింపుతారు.

డీటీపీ వాళ్లకు ఇంకో మాట. తెలుగు కీబోర్డు మేనేజర్ చేసే పనే మీరు కొట్టే ప్రతి అక్షరాన్నీ మధ్యలో పట్టుకుని తెలుగులోకి మార్చడం. మీరు కొట్టేదాన్ని దొంగిలించే కీలాగర్ చేసే పని కూడా సగం అదే. అలాంటిదాని క్రాక్ కాపీ, ఎవరు మార్చారో తెలియనిది, పక్కనే నెట్ బ్యాంకింగ్ తెరిచే సిస్టంలో పెట్టుకోవడం ఏం ధైర్యమబ్బా? క్రాకే కావాలంటే కనీసం నెట్ లేని సిస్టంలో పెట్టుకోండి.

దూరం నుంచి సిస్టం నడిపే ఎనీడెస్క్, అల్ట్రావ్యూయర్ లాంటివి వైరస్‌టోటల్లో చాలావరకు తప్పుగా కనపడవు, సంతకం చక్కగా ఉంటుంది. అయినా మీరు పెట్టకుండా అది నడుస్తుంటే మీ సిస్టంలో ఇంకొకడు కూర్చున్నట్టే. ఏ పరీక్షా దీన్ని పట్టదు, "ఎవరు పెట్టారు?" అని అడగడం తప్ప.

దొంగ దొరికాక వెంటనే ఎండ్ టాస్క్ కొట్టొద్దు. జంటగా నడిచేవి ఉంటాయి, ఒకటి చస్తే రెండోది లేపుతుంది. ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్లో రెండింటినీ సస్పెండ్ చేసి, ఆ తర్వాత చంపండి. విండోస్ సెక్యూరిటీలో ఎక్స్‌క్లూజన్ల జాబితా తెరిచి ఖాళీ చేయండి. సీ డ్రైవ్ మొత్తాన్ని అందులో పెట్టి వెళ్లిన సర్వీసు పిల్లోళ్లున్నారు. తర్వాత డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి, రీస్టార్టయి పావుగంటలో అయిపోతుంది. పాస్‌వర్డ్‌లు ఆ సిస్టంలో కాదు, ఫోన్లో మార్చండి, అన్ని డివైజుల నుంచీ లాగౌట్ కొట్టండి. డబ్బు పోయుంటే ఆ క్షణమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్.

ఫార్మాటే కొట్టాలనుకుంటే కొట్టించండి, తప్పులేదు. కానీ షాపువాడు జేబులోంచి తీసే పెన్ డ్రైవులో ఉన్న విండోస్ యాడిదో అడగండి. ముందే యాక్టివేట్ చేసి, డిఫెండర్ పీకేసిన ఐఎస్ఓ (విండోస్ ఇన్‌స్టాల్ కాపీ) అయితే మీకు మళ్లీ అదే వస్తుంది. 8 జీబీ పెన్ డ్రైవ్ ఒకటి కొని, మైక్రోసాఫ్ట్ సైటు నుంచి మీడియా క్రియేషన్ టూల్‌తో మీరే తయారు చేసుకుని తీసుకెళ్లండి.