డ్యూరేషన్ కాలమ్ గారికి ఒక విన్నపం

పనుల షెడ్యూల్ వేసే ఎమ్మెస్ ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేర్‌లో ఏ పనికి ఎన్ని రోజులో చూపే మహారాజశ్రీ డ్యూరేషన్ కాలమ్ గారి సముఖానికి,

విజయవాడ పోరంకిలో అపార్ట్‌మెంట్లు కట్టే ఒక కంపెనీ ప్లానింగ్ ఇంజినీరు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి అందామంటే ఇక్కడ రోహిణి కార్తె నడుస్తోంది. మీకు ఆ బాధ లేదు. మీ క్యాలెండర్‌లో సోమవారం నుంచి శుక్రవారం దాకా పొద్దున 8 నుంచి 12, మధ్యాహ్నం 1 నుంచి 5, అంతే లోకం. మా మేస్త్రీలు ఈ ఎండలకు ఆరింటికే పనిలోకి దిగి, పన్నెండు కాకముందే నీడపట్టుకు చేరతారు. సంక్రాంతికి ఊరెళ్లినవాళ్లు కనుమ దాటినా ఓ పట్టాన తిరిగిరారు. మేం సెలవని చెప్పకపోతే మీరు కనుమ నాడు కూడా ఎనిమిది గంటలు లెక్కేస్తారు.

ఎమ్మెస్ ప్రాజెక్ట్ తెరవగానే టాస్క్ పేరు పక్కన పెద్దరికంగా కూర్చునేది మీరే. మనుషుల చాకిరీని గంటల్లో చూపే వర్క్ కాలమ్ మీ ఇంట్లోనే ఉన్నా, పనిగట్టుకుని పిలిస్తే గానీ బయటికి రాదు. మా ఎండీ గారు ఇంతవరకు దాని మొహం చూడలేదు. ఆయనకు మీరు చెప్పిందే వేదం. పది రోజుల టాస్క్‌లో ఎనిమిది రోజులు గడిచాయా, 80 శాతం అయిపోయినట్టే. గోడకు ఎన్ని టైల్స్ అంటుకున్నాయో ఎవరికి కావాలి?

కొత్త టాస్క్ రాయగానే ‘వన్ డే’ అని చూపించి పక్కన ఒక ప్రశ్నార్థకం పెడతారు చూడండి, మీ మొత్తంలో నిజాయితీ ఉన్నది అదొక్కటే. క్లయింటుకు పంపే ముందు అది కూడా తీసేయమన్నారు మా ఎండీ గారు.

ఇక మీ గుణకారం. రోజులను మనుషులతో హెచ్చవేస్తే పని. ఇద్దరు నాలుగు రోజులు చేస్తే 64 గంటలు. ‘ఎఫర్ట్ డ్రివెన్’ అన్న గడిలో టిక్కు పెట్టి మనుషులను నలుగురిని చేస్తే మీరు రెండు రోజులకు కుదించుకుపోతారు. అది చూసి ఎండీ గారు నిజంగానే ఒక బాత్రూమ్‌కు నలుగురు టైల్స్ మేస్త్రీలను పంపారు. ఏడడుగులకు ఐదడుగుల గది. ఇద్దరు లోపల, ఒకడు గడపలో సిమెంటు బొచ్చెతో, నాలుగోవాడు బాల్కనీలో బీడీతో. కూలీ నలుగురికీ ఇచ్చాం. పని మాత్రం నాలుగో రోజుకు గానీ అవలేదు. ఎనిమిది మందిని పంపితే ఒక్క రోజే కదా అని ఇంకా ఎవరికీ తట్టలేదు, ఈ ఉత్తరం ఆయన కంట పడకపోతే మేలు.

అసలు గోడు మూడో అంతస్తు స్లాబ్‌ది. స్లాబ్ పోశాక మళ్లు కట్టి నీళ్లు నిలపాలి. పొడి ఎండల్లో మామూలు సిమెంటుకైనా కనీసం పది రోజులు క్యూరింగ్ (తడి ఆరకుండా చూడటం) ఉండాలని కాంక్రీటు పనుల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతోంది. మీకు పది రోజులని రాస్తే శని, ఆదివారాలు సెలవిచ్చారు. కాంక్రీటుకు వీకెండ్ ఉండదయ్యా అంటే వినరు. క్యాలెండర్ మార్చి ఏడు రోజులూ పనిదినాలే అన్నాక గానీ దిగిరాలేదు.

ఆ పనికి మా వాచ్‌మన్ పేరు రాశాను. పొద్దున అరగంట, సాయంత్రం అరగంట పైపు పట్టుకుంటాడు. మీరు అతన్ని నూరు శాతం అక్కడే నిలబెట్టి 80 గంటలు వేశారు. ఇసుక లారీ దింపించుకునేదీ అతనే కదా, రెండూ ఒకే రోజు పడేసరికి పక్కన ఎర్ర మనిషి బొమ్మ వెలిగింది. కంపెనీ మొత్తంలో పని ఒత్తిడి భరించలేకపోతున్నది మా వాచ్‌మన్ ఒక్కడేనట! ఒకడి మీద ఒకేసారి పడ్డ పనులను ముందువెనకలుగా సర్దే ‘లెవలింగ్’ నొక్కమన్నారు ఎండీ గారు, నొక్కాను. ఇసుక దిగేదాకా మీరు క్యూరింగ్‌ను వెనక్కి నెట్టారు. పచ్చి స్లాబ్, రోహిణి ఎండ, నీళ్లు వచ్చే వారం. షెడ్యూల్‌లో మాత్రం ఎర్ర బొమ్మ లేదు, ఎండీ గారు సంతోషించారు.

నేను ఆ లెవలింగ్ తీసేసి, ఎనిమిది గంటల్లో ఒక గంటే కాబట్టి వాచ్‌మన్‌ను 13 శాతానికి దించాను. స్లాబ్‌కు నీళ్లందుతున్నాయి. ఇప్పుడు ఎండీ గారు 13 శాతం పనిచేసేవాడికి పూర్తి జీతం ఎందుకని అడుగుతున్నారు. ఆ జవాబేదో తమరే సెలవివ్వాలి.

ఇట్లు,
తమ గడులు నింపేవాడు