పక్కన కూర్చోనివ్వండి

మన తెలుగు సంఘంలో సాఫ్ట్‌వేర్ వాళ్లే ఎక్కువ కాబట్టి ఈ మాట మీతోనే చెప్పాలి. నేను టెక్నికల్ రైటర్‌ని. మీరు తయారుచేసిన సిస్టమ్‌ని వాడేవాళ్లకు అర్థమయ్యేలా రాయడం నా పని. రాయడానికి కావలసిన విషయమంతా మీ దగ్గరే ఉంటుంది. అడిగితే చెబుతారు కదా అని కొత్తలో నేనూ అనుకున్నాను. అడిగితే వచ్చేది సగమే.

ఒకసారి డేటాబేస్ అప్‌గ్రేడ్ గైడ్ రాయాల్సి వచ్చింది. ఆ పని పదేళ్లుగా చేస్తున్న ఇంజినీరు, ఆయనా మనవారే, గుంటూరు వైపు. అడగ్గానే ఓపిగ్గా ఏడు స్టెప్పులు చెప్పారు. రాసుకున్నాక, "మీరు చేస్తుంటే ఒకసారి చూస్తానండీ" అని ఆయన పక్కన కుర్చీ వేసుకున్నాను. మూడో స్టెప్పు దగ్గర ఇంకో విండో తెరిచి, ఒక కమాండ్ కొట్టి, మూసేశారు. రెండు సెకన్లు కూడా పట్టలేదు.

"ఇప్పుడేం చేశారండీ?"

"నేనేం చేశాను?"

నిజంగానే ఆయనకు తెలియలేదు. వెనక్కి వెళ్లి చూస్తే, నడుస్తున్న బ్యాకప్‌ని ఆపారు. ఆపకపోతే టేబుల్స్ లాక్ అయి అప్‌గ్రేడ్ మధ్యలో నిలిచిపోతుందట. "అది అందరికీ తెలిసిందే కదమ్మా" అన్నారు.

ఆయన దాచలేదు. చేతికి అంతగా అలవాటైన పని నోటికి రాదు, అంతే. అందుకే పని జరిగే చోటికే వెళ్లాలంటాను. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి గారి సంపాదకత్వంలో వచ్చిన మాండలిక వృత్తి పదకోశం చూడండి. 1962లో వ్యవసాయ పదాలు, 1971లో చేనేత పదాలు. పొలం దున్నేవాళ్ల నోట, మగ్గం నేసేవాళ్ల నోట విని సేకరించినవి. కోస్తాలో నాగలి అనేదాన్ని సీమలో మడక అంటారని ఆ రైతు చెబితేనే కదా తెలిసేది!

పక్కన కూర్చునే వీలు లేనప్పుడు నేను ఇంకో పని చేస్తాను. "ఈ ఫీచర్ గురించి చెప్పండి" అని మెయిల్ పెడితే రెండు వారాలైనా జవాబు రాదు. అదే తెలిసినంత రాసి, తెలియని చోట నా ఊహ పెట్టి పంపితే, గంటలో "ఇది తప్పు" అని వచ్చేస్తుంది. అయితే ఊహలకు పసుపు రంగు పూయడం మరిచిపోను. చదవకుండానే "బాగుంది" అనేవాళ్లు ఉంటారు. అప్పుడు నా తప్పే గైడ్‌లోకి ఎక్కుతుంది, అర్ధరాత్రి సపోర్ట్ వాళ్లకు ఫోన్లు మోగుతాయి.

ఇప్పుడు కొన్ని టీముల్లో, కోడ్ చదివి ఏఐ రాసేస్తుంది కదా, రైటర్‌తో మీటింగ్ ఎందుకు అంటున్నారు. ఆ బ్యాకప్ ఆపే కమాండ్ ఏ కోడ్‌లోనూ లేదు. ఆయన వేళ్లలో ఉంది.

ఈసారి మీ టీమ్ రైటర్ "చేస్తుంటే చూస్తానండీ" అంటే ఒక అరగంట ఇవ్వండి. రిలీజ్ ముందురోజు కాదు, ఇంకా ముందే. స్లైడ్లేమీ తయారు చేయొద్దు. రోజూ ఎలా చేస్తారో అలాగే చేయండి, మధ్యలో ఆపి అడిగితే విసుక్కోకండి.