చెత్తడబ్బాకో దేవుడు, చదువుకు సగం దేవుడు

షికాగో నగరంలో నాకు ఓటు హక్కు వచ్చింది 2018లో. అంతకుముందు పదమూడేళ్ళు ఈ ఊళ్ళో పన్ను మాత్రమే కట్టాను. ఓటు లేని రోజుల్లో గమనించినవీ, ఓటు వచ్చాక అర్థమైనవీ కలిపి, కొత్తగా ఈ ఊరికి వచ్చే తెలుగువారి సౌకర్యం కోసం ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. శివార్లలోని నేపర్‌విల్‌లోనూ షాంబర్గ్‌లోనూ ఇళ్ళు కొనుక్కున్నవారు చదవనక్కర్లేదు. మీ రోడ్లు బాగుంటాయి, మీ స్కూళ్ళు బాగుంటాయి. మీ ప్రజాస్వామ్యంలో చెప్పుకోవడానికి కథ ఏముంది?

షికాగోకి 50 వార్డులు, వార్డుకో ఆల్డర్‌మన్, అంటే నగర కౌన్సిల్ సభ్యుడు. 2021లో రాష్ట్ర చట్టం ఆ మాటను ఆల్డర్‌పర్సన్ అని మార్చింది. పేరు మారింది గాని మహిమ తగ్గలేదు. మనకి గ్రామదేవత ఎలాగో, మా వార్డుకి ఆల్డర్‌మన్ అలాగ. పెద్ద దేవుళ్ళు వాషింగ్టన్‌లో ఉంటారు, వాళ్ళకి మన గోడు వినబడదు. చెత్తడబ్బా మూత విరిగినా, వీధిదీపం ఆరిపోయినా, రోడ్డు మీద గుంటలో కారు టైరు దిగబడినా, ఇంటి వెనక సందులో ఎలుకలు సంసారం పెట్టినా మొక్కుకోవలసింది వార్డు ఆఫీసుకే. ఎలుకల సంగతి తేలిగ్గా తీసుకోకండి. ఎలుకల్నీ పురుగుల్నీ పట్టే ఒక కంపెనీ ఏటేటా వేసే లెక్కలో 2024 దాకా వరసగా పదేళ్ళు అమెరికా మొత్తానికి ఫస్ట్ ర్యాంకు మాదే. మనవాళ్ళకి ర్యాంకులంటే గౌరవం కనుక చెబుతున్నాను.

2024 జనవరిలో రాస్కో వీధి కాలిబాట సిమెంటులో ఎలుక ఆకారంలో పడిన గుంట చూడ్డానికి జనం తిరనాళ్ళకి వచ్చినట్టు వచ్చి, అందులో చిల్లర వేసి దణ్ణం పెట్టుకుని వెళ్ళారు. అది ఎలుక కాదు ఉడత అని పండితుల్లో రెండో పక్షం ఉంది. ఏప్రిల్‌కల్లా నగరం వాళ్ళు వచ్చి ఆ పలకను పెకలించి భద్రంగా తీసుకుపోయారు. మా ఇంటిముందు పలక పగిలి నాలుగేళ్ళయింది. దాని మీద ఏ జంతువూ పడలేదు కాబట్టి ఎవరూ రాలేదు.

ఇక ఆల్డర్‌మన్‌ గారి అసలు శక్తి. దాన్ని ఆల్డర్‌మానిక్ ప్రిరోగటివ్ అంటారు. అది ఏ చట్టంలోనూ రాసి లేదు, అందుకే దాన్ని ఎవరూ ఉల్లంఘించరు. నా వార్డులో నా మాటకి నువ్వు అడ్డు రావద్దు, నీ వార్డులో నీ మాటకి నేను అడ్డు రాను అని 50 మంది పెద్దమనుషులు చేసుకున్న ఒప్పందం అది. మీరు కొట్టు పెట్టుకుని, కాలిబాట మీదికి ఒక రేకు చూరు దించాలనుకున్నారనుకోండి. ఆ చూరుకి సాక్షాత్తూ కౌన్సిల్ అనుమతి కావాలి. సిటీ హాల్లో ఆఫీసర్లందరూ సరేనన్నా సరే, మీ ఆల్డర్‌మన్ ఊఁ అనాలి. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించాలి కదా! 2019 మేలో లోరీ లైట్‌ఫుట్ మేయరుగా ప్రమాణం చేసిన రోజే ఈ పద్ధతికి కళ్ళెం వేస్తూ ఉత్తర్వు మీద సంతకం పెట్టారు. 2023లో ఓటర్లు ఆవిడను మొదటి రౌండులోనే ఇంటికి పంపారు. పద్ధతి మాత్రం ఇప్పటికీ ఇంచుమించు కులాసాగానే ఉంది.

ఈ పూజారుల్లో మకుటంలేని మహారాజు ఎడ్వర్డ్ బర్క్ గారు. 14వ వార్డు నుంచి 1969లో ఎన్నికై 2023 దాకా, అంటే 54 ఏళ్ళు కుర్చీ దిగలేదు. ఆర్థిక సంఘానికి ఆయనే అధ్యక్షుడు. పక్కనే సొంత లా ఆఫీసు. నగరం చేత పని పడ్డవాడు తన భవనం పన్ను కేసు ఆ ఆఫీసుకి అప్పగిస్తే బాగుంటుందని ఆయన ఉద్దేశం. బర్గర్ కింగ్ వాళ్ళు ఆయన వార్డులో పాత హోటలుకి మరమ్మతులు మొదలుపెట్టారు. కారు తిరిగే దారి పర్మిట్ దగ్గర పని ఆగింది. ఎందుకు ఆగిందో అర్థం చేసుకోవడానికి పాపం వాళ్ళకి తెలుగు సామెతలు రావు. ఫీల్డ్ మ్యూజియం వాళ్ళయితే ఆయన చెప్పిన అమ్మాయి ఇంటర్న్‌షిప్ దరఖాస్తుకి జవాబివ్వడం మర్చిపోయారు. అదే సమయంలో టికెట్టు రేటు పెంచుకోవడానికి అనుమతి కోరారు. ఒకే మనిషి దగ్గర ఒకటి మర్చిపోయి ఒకటి అడగకూడదన్న ఇంగితం అంత పెద్ద మ్యూజియానికి లేకపోయింది.

తోటి ఆల్డర్‌మన్ డానీ సోలిస్ ఒంటికి రహస్య మైకు తగిలించుకుని ఎఫ్‌బీఐ తరఫున ఆయనతో కబుర్లు చెప్పాడు. పాత పోస్టాఫీసు భవనం యజమానుల గురించి బర్క్ గారు, ట్యూనా చేప ఒడ్డుకి చేరిందా అని, అంటే వాళ్ళ కేసు తన లా ఆఫీసుకి వచ్చిందా అని, అడిగిన మాట అందులో రికార్డయింది. 2019 జనవరిలో కేసు పెట్టారు. ఫిబ్రవరిలో ఎన్నికలు. వార్డు ప్రజలు ఆలోచించి, పరిశీలించి, ఆయన్నే మళ్ళీ గెలిపించారు. దీన్ని అజ్ఞానం అనుకునేవాళ్ళు షికాగోలో ఒక్క చలికాలం కూడా గడపనివాళ్ళు. ఎవరు తిన్నారన్నది పత్రికల లెక్క. మంచు ఎవరు ఎత్తించారన్నది వార్డు లెక్క. 1979లో మేయరు మైకేల్ బిలాండిక్ ఏ లంచమూ తిన్నట్టు ఎవరూ రుజువు చెయ్యలేదు. జనవరి మంచు సకాలంలో ఎత్తించలేకపోయాడు, అంతే. ఆ మంచులోనే జేన్ బర్న్ చేతిలో ఓడిపోయాడు. ఏ నేరానికి ఏ శిక్షో మా ఓటర్లకి బాగా తెలుసు.

కోర్టు వేరే లెక్క వేసుకుంది. 2023 డిసెంబరులో బర్క్ గారు దోషి అని తేలింది. 2024 జూన్‌లో రెండేళ్ళ జైలు, 20 లక్షల డాలర్ల జరిమానా. 1970ల నుంచి ఈ కౌన్సిల్ సభ్యుల్లో శిక్ష పడినవాళ్ళు ముప్ఫైమందికి పైనే. కుర్చీలేమో 50. మా తెనాలిలో కౌన్సిలర్ల మీద ఎన్నో కథలు విన్నాను గాని, ఈ సగటుకి చేరినవాళ్ళు లేరు.

అలాగని కౌన్సిల్ వాళ్ళు పని చెయ్యరనుకోవద్దు. 2008 డిసెంబరులో నగరంలోని 36,000 పార్కింగ్ మీటర్లను ఒక ప్రైవేటు సంస్థకి 75 ఏళ్ళ కౌలుకి ఇచ్చే ప్రతిపాదన వచ్చింది. ఒప్పందం బయటికొచ్చిన రెండు రోజులకి 40–5 ఓట్లతో అయిపోయింది. వచ్చింది సుమారు 115 కోట్ల డాలర్లు, కౌలు తీరేది 2083లో. దాదాపు వంద కోట్లు తక్కువకి పోయిందని మరుసటి ఏడే, నగర పాలనలో తప్పులు పట్టే అధికారి ఇన్‌స్పెక్టర్ జనరల్ లెక్క తేల్చారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని మనం అంటాం. ఇక్కడ అత్తలం మేమే. మా అమ్మాయి మనవలు కారు ఆపుకోవడానికి కట్టబోయే చిల్లరని ఆ 40 మంది అప్పుడే ఖర్చుపెట్టేశారు. మా వార్డు ఆఫీసు వాళ్ళని నా చెత్తడబ్బా మూత గురించి అడిగితే మాత్రం, పరిశీలనలో ఉందన్నారు. రెండు రోజుల్లో అయ్యే పనులు వేరు, పరిశీలించవలసిన పనులు వేరు.

ఆల్డర్‌మన్‌గా నిలబడడానికి 473 మంది ఓటర్ల సంతకాలు చాలు. 473 అనే అంకెలో ఏ శాస్త్రం ఉందో అడగకండి, మనం కూడా నూటపదహార్లే చదివిస్తాం. సంతకాలు సేకరించడం పిల్లల పని. పెద్దల పని ఎదుటివాడి సంతకాలు కొట్టించడం. పోటీలో గెలవడం కంటే పోటీయే లేకుండా చేసుకోవడం ఇక్కడ మర్యాద. అది వార్డుతో ఆగేది కాదు. 1996లో బరాక్ ఒబామా గారు రాష్ట్ర సెనేట్‌కి మొదటిసారి నిలబడి, పార్టీలోపలి ఎన్నికైన ప్రైమరీలో ప్రత్యర్థులందరి సంతకాలనూ సవాలు చేసి, ఆ బ్యాలెట్ మీద ఒక్కరే మిగిలారు. ఆశకి ఆ మాత్రం ఏర్పాటు ఉండాలి.

నేనూ ఒకసారి ఒక అభ్యర్థికి సంతకం పెట్టాను. పుట్టిన దగ్గర్నుంచి తెలుగులోనే సంతకం చేసేవాణ్ణి, అలవాటుకొద్దీ తెలుగులోనే పెట్టాను. ఓటరు కార్డుకి మాత్రం ఇంగ్లీషులో పెట్టి ఉన్నాను. అవతలి పక్షం లాయరు భూతద్దం పెట్టి చూసి, ఇది సంతకమే కాదు, కలం రాస్తోందో లేదో చూసుకున్న గీతలు అన్నాడట. పెద్దబాలశిక్ష ఉదహరించి నేను ప్రమాణపత్రం రాసిచ్చేసరికి ఆ అభ్యర్థి ఎలాగూ తప్పుకున్నాడు.

ఇంతవరకు చెప్పింది చెత్త, మంచు, చూరుల సంగతి. వీటి మీద షికాగో ఓటరుకి ఆదినుంచీ సంపూర్ణ స్వరాజ్యం ఉంది. పిల్లల చదువు సున్నితమైన విషయం కాబట్టి దాన్ని మాత్రం మా చేతికి ఇవ్వలేదు. ఇల్లినాయ్ రాష్ట్రంలో ఊరూరా ప్రభుత్వ స్కూళ్ళని నడిపే స్కూలు బోర్డుకి ఎన్నికలు జరిగాయి, ఒక్క షికాగోలో తప్ప. ఇక్కడ బోర్డుని మేయరుగారు నియమించేవారు. మూడు లక్షలకు పైగా పిల్లలు, ఇంచుమించు వెయ్యి కోట్ల డాలర్ల బడ్జెట్. నేపర్‌విల్‌లో ఉండే మా బావమరిది ప్రతి సంక్రాంతికీ, "మీ బోర్డుకి ఈసారైనా ఎన్నికలున్నాయా బావా?" అని అడిగేవాడు. ఆ నవ్వు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

నేనూ తక్కువ తినలేదు. ఓటు హక్కు రాకముందే ఈ ఊళ్ళో ఎన్నికల్లో గెలిచినవాణ్ణి నేను. 1988 చట్టం ప్రకారం షికాగోలో దాదాపు ప్రతి స్కూలుకీ ఒక లోకల్ స్కూల్ కౌన్సిల్ ఉంటుంది. ప్రిన్సిపాల్‌ని ఎంచుకునేది ఆ కౌన్సిలే. దానికి ఓటెయ్యడానికి గాని, నిలబడడానికి గాని పౌరసత్వం అక్కర్లేదు. హెచ్‌-1బీ వీసా మీద ఉన్న తండ్రి అధ్యక్షుణ్ణి ఎన్నుకోలేడు గాని ప్రిన్సిపాల్‌ని ఎన్నుకోగలడు. తల్లిదండ్రులకి ఆరు సీట్లు. మా స్కూల్లో ఐదుగురం నిలబడ్డాం. హోరాహోరీ పోరులో గెలిచాను. మా అమ్మ తెనాలిలో వీధంతా లడ్డూలు పంచి, మా అబ్బాయి అమెరికాలో మెంబరయ్యాడని చెప్పింది. దేనికి మెంబరో ఆవిడా చెప్పలేదు, వాళ్ళూ అడగలేదు. గెలిచిన వారానికి స్కూలు వాళ్ళు నా వేలిముద్రలు తీసుకున్నారు, నేరచరిత్ర ఉందేమో చూడ్డానికి. బళ్ళో నెలకోసారి పిల్లల కుర్చీల్లో ఇరుక్కుని కూర్చునేవాడికి ముందే వేలిముద్రలు. బర్క్ గారి వేలిముద్రలకి ఎఫ్‌బీఐ వాళ్ళు యాభై ఏళ్ళు ఓపిక పట్టారు. హోదాని బట్టి గౌరవం.

చివరికి 2024 నవంబరులో మా బోర్డుకీ ఎన్నికలొచ్చాయి. నగర చరిత్రలో మొదటిసారి. అయితే ఒకేసారి పూర్తి అన్నం పెడితే అరగదని, 21 కుర్చీల్లో పదే మాకు వదిలారు. మిగిలిన పదకొండూ మేయరుగారివి. అంటే మెజారిటీ ప్రజలదే, ఒక్కటి తక్కువ. నగరాన్ని పది జిల్లాలు చేసి, ప్రతి జిల్లానీ మామిడికాయలా రెండు చెక్కలు చేసి ఎ, బి అని పేర్లు పెట్టారు. ఎ చెక్కలో ఉన్న మనిషిని మేము ఎన్నుకుంటే, బి చెక్క నుంచి ఒకర్ని మేయరు నియమిస్తారు. మా ఇల్లు సరిగ్గా గీత పక్కన ఉంది. వంటింట్లో నిలబడితే నియమితుణ్ణి, హాల్లో నిలబడితే ఎన్నికైనవాణ్ణి అని మా ఆవిడ తేల్చింది.

ఈ కుర్చీకి జీతం లేదు. 2024లో నిలబడడానికి 1,000 సంతకాలు కావలసివచ్చాయి. జీతం లక్ష డాలర్లు దాటే ఆల్డర్‌మన్‌కి 473, జీతమే లేనివాడికి వెయ్యి. ఊరికే పని చేస్తానని వచ్చేవాణ్ణి రెట్టింపు అనుమానించడం న్యాయమే కదా. అయినా టీచర్ల యూనియన్ ఒకవైపు, ప్రభుత్వ డబ్బుతో ప్రైవేటు సంస్థలు నడిపే చార్టర్ స్కూళ్ళ పక్షం ఒకవైపు మిలియన్ల డాలర్లు కుమ్మరించాయి. జీతం లేని ఉద్యోగం మీద ఇంత ప్రేమ నేను పెళ్ళిసంబంధాల్లో కూడా చూడలేదు. నాలుగు సీట్లు యూనియన్ పక్షానికి, మూడు చార్టర్ పక్షానికి, మూడు ఏ పక్షమూ కానివాళ్ళకి వచ్చాయి. మేయరు బ్రాండన్ జాన్సన్ ఒకప్పుడు అదే యూనియన్‌లో పనిచేసినాయన. అప్పట్లో ఆ యూనియన్‌తో టీచర్ల జీతాల బేరం కూడా నడుస్తోంది. మగపెళ్ళివారూ ఆడపెళ్ళివారూ ఒక ఇంట్లోంచే బయల్దేరితే కట్నం దగ్గర పేచీ రాదని మీరనుకుంటారు. వచ్చింది. 30 కోట్ల డాలర్ల అప్పు చెయ్యాలా వద్దా అన్న రగడలో, ఎన్నికలకి నెల ముందు, ఒక శుక్రవారం నాడు, మేయరుగారు తానే నియమించిన అప్పటి పాత బోర్డులోని ఏడుగురు సభ్యులూ మూకుమ్మడిగా తప్పుకుంటామన్నారు. సోమవారానికల్లా ఆయన కొత్తవాళ్ళ పేర్లు చదివారు. వాళ్ళలో అధ్యక్షుడైనాయన ఇంటర్నెట్‌లో తన పాత రాతలు బయటపడి ఆ నెలాఖరుకే రాజీనామా చేశారు. నియామకంలో స్థిరత్వం ఉంటుందని వాదించిన పెద్దలు ఎక్కడున్నారోగాని, వాళ్ళకి నా నమస్కారాలు.

చట్టం ప్రకారం 2026 నవంబరులో 21 కుర్చీలూ మావే. మరి మూడు నెలలు దాటగానే, 2027 ఫిబ్రవరిలో మేయరు, 50 వార్డులు. ఫిబ్రవరిలో షికాగోలో ఓటెయ్యమనడం ఓటరు నిష్ఠను పరీక్షించడానికే. 2023లో నూటికి అరవైమందికి పైగా ఆ పరీక్షకి హాజరు కాలేదు. నేను వెళ్ళొచ్చేసరికి, మంచు తవ్వి పార్కింగ్ కోసం ఖాళీ చేసుకుని కుర్చీ అడ్డంపెట్టిన చోట ఎవరో కారు ఆపారు. కుర్చీని జాగ్రత్తగా పక్కనున్న దిబ్బ మీద పెట్టారు.

2024 అక్టోబరులో ఒక సాయంత్రం మా ఇంటి మెట్ల మీద ఇద్దరు నిలబడ్డారు. ఒకాయన స్కూలు బోర్డు అభ్యర్థి, రెండో ఆయన ఆయన్ని పరిచయం చెయ్యడానికి వచ్చిన వార్డు ఆఫీసు మనిషి. మా అమ్మాయి క్లాసుకి సెప్టెంబరు నుంచి లెక్కల టీచర్ లేరని అభ్యర్థికి చెప్పాను. చాలా బాధపడి పుస్తకంలో రాసుకున్నాడు. వచ్చినవాళ్ళు ఊరికే పోవడం ఎందుకని, ఎలుకలు కొరికిన చెత్తడబ్బా మూత సంగతి రెండో ఆయనకి మళ్ళీ చెప్పాను. ఆయన ఏమీ రాసుకోలేదు. గురువారానికి కొత్త డబ్బా వచ్చింది.

ఎన్నికల రోజున మా ఆవిడ ఆ అభ్యర్థికే ఓటేసింది. ఆయనకి డబ్బాతో సంబంధం లేదే అన్నాను.

"డబ్బా వచ్చినప్పుడు పక్కన నిలబడింది ఆయనే కదండీ" అంది.