సాబుని పైకి తెచ్చారు సరే, పెద్దవాణ్ణి కానిచ్చారా?

మొన్న మా ఫ్యామిలీ గ్రూపులో బాబాయి ఒక వీడియో పడేశాడు. "ఏనుగు పేడ ఎత్తిన కుర్రాడు హాలీవుడ్‌ని ఏలాడు" అని థంబ్‌నెయిల్. దాని కింద బాబాయి సొంత వ్యాఖ్య: "పిల్లలకి చూపించండి. కష్టపడితే ఎక్కడికైనా వెళ్ళొచ్చు." నాలుగు నిమిషాల వీడియో, మొదటినుంచి చివరిదాకా వయొలిన్లు ఏడుస్తూనే ఉన్నాయి. వీడియో పాతకాలం నటుడు సాబు గురించి. అతనంటే నాకున్న పిచ్చి ఇంట్లో అందరికీ తెలుసు కాబట్టి నన్ను ట్యాగ్ కూడా చేశాడు. పెద్దాయన, ఏమంటాం. అక్కడ ఒక దండం ఎమోజీ పెట్టి ఊరుకున్నాను. కడుపులో మిగిలింది ఇక్కడ కక్కేస్తున్నాను. కొంచెం పొడుగే ఉంటుంది, తీరిక ఉన్నవాళ్ళే చదవండి.

ముందు ఒక మాట. ఈ సాబు కామిక్స్ పుస్తకాల్లో చాచా చౌదరి పక్కన ఉండే జూపిటర్ గ్రహం ఆజానుబాహుడు కాదు. 1924లో మైసూరు సంస్థానంలో, కబిని నది దగ్గర కారాపుర అనే ఊళ్ళో పుట్టిన మావటి కొడుకు. పసిగుడ్డుగా ఉన్నప్పుడే తల్లి పోయింది. తండ్రి మహారాజావారి ఏనుగుల దగ్గర మావటి. సాబుకి పదేళ్ళు నిండకముందే ఆయనా పోయాడు. ఇక మిగిలింది అన్న, గజశాలలో చిన్నాచితకా పని.

ప్రపంచానికి తెలిసిన పేరు సాబు దస్తగీర్. మా కడప వైపు దస్తగిరి అన్న పేరు ఊరికి నలుగురికి ఉంటుంది. తురకలకే కాదు, హిందువుల పిల్లలకీ పెట్టుకుంటారు. అందుకే మొదటిసారి ఆ పేరు చదివినప్పుడు మనూరి మనిషే అనిపించింది. తర్వాత తెలిసింది, అది అతని పేరే కాదు. షేక్ దస్తగీర్ అన్నది అన్న పేరు. తర్వాత సినిమా కోసం సాబుకి తోడుగా ఇంగ్లండు వెళ్ళిన అన్న పేరూ తమ్ముడి పేరూ ఎక్కడో కలిసిపోయాయి, అదే ఖాయమైపోయింది. మనవాళ్ళు పాస్‌పోర్టులో ఇంటిపేరు అటూ ఇటూ అయితే ఎంత టెన్షన్ పడతామో మీకు తెలుసు. ఆ పిల్లాడికి జీవితాంతం అన్న పేరే ఇంటిపేరయింది.

సరే, అసలు విషయం. ఆ వీడియోలో "కష్టం" ఎక్కడుందో నాకు ఎంత వెతికినా దొరకలేదు.

జరిగింది ఇది. 1935లో రాబర్ట్ ఫ్లాహర్టీ అనే దర్శకుడు మైసూరు వచ్చాడు. లండన్‌లో అలెగ్జాండర్ కోర్డా సినిమా కంపెనీకి ఇంగ్లీషు రచయిత కిప్లింగ్ రాసిన ఏనుగుల కథ తీయాలి. మహారాజావారు ఏనుగుల్ని ఇచ్చారు. కథలో ఏనుగుని నడిపే పిల్లాడు కావాలి. కెమెరామన్ ఆస్మండ్ బోరడేల్ కంట్లో సాబు పడ్డాడు. అంతే. ఆ పిల్లాడు నటుడు కావాలని కల కనలేదు, ఫొటోలు పట్టుకుని స్టూడియోల చుట్టూ తిరగలేదు, కృష్ణానగర్ గదిలో ఐదుగురితో సర్దుకుని పడుకోలేదు. ఏనుగు దగ్గర తన పని తను చేసుకుంటున్నాడు. ఆ రోజు వేరే చోట ఉండి ఉంటే? పక్కనున్న ఇంకో మావటి పిల్లాడు వెళ్ళేవాడు. ఆ గజశాలలో పొద్దున లేచి ఏనుగులకి మేత వేసి, నదిలో తోమి, సాయంత్రం కట్టేసే వాళ్ళందరూ కష్టపడ్డవాళ్ళే. కష్టమే హాలీవుడ్‌కి టికెట్ అయితే కారాపుర ఊరు ఊరంతా లాస్ ఏంజెలెస్‌లో ఉండాలి.

ఇలా అంటే "అంటే అతనికి టాలెంట్ లేదా?" అని మీదపడతారు. ఉంది. చాలా ఉంది. 1937లో వచ్చిన ఆ సినిమా, ఎలిఫెంట్ బాయ్, చూడండి. ఏనుగు మీద కూర్చున్నప్పుడు ఆ వెన్ను చూడండి. పులిమీద ఎక్కిన హీరోలా నిటారుగా ఉండదు, అరుగుమీద కూర్చున్నవాడిలా ఉంటుంది. ఆ నడుము ఏనుగు నడకతోపాటు ఊగుతుంది. ఆ పని ఏ స్కూల్లోనూ రాదు. ఇక ఆ నవ్వు. తెర సగం వెలిగిపోతుంది. సినిమాకి వెనిస్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకత్వం బహుమతి వచ్చింది, ఫ్లాహర్టీకీ, మిగతా భాగం స్టూడియోలో తీసిన అలెగ్జాండర్ తమ్ముడు జోల్టన్ కోర్డాకీ కలిపి. సాబుకి పదమూడేళ్ళకే రెండు ఖండాల్లో పేరు.

నా గొడవ ఇలాంటి వీడియోలు చూసి అందరూ అనే "ఎదిగాడు" అన్న మాటతో.

ఆ తర్వాత సినిమాలు వరసగా చూడండి. 1938లో ది డ్రమ్. వాయవ్య సరిహద్దులో ఒక చిన్న రాకుమారుడు, తిరగబడిన సొంత బాబాయి నుంచి తెల్లదొరల్ని డప్పు కొట్టి కాపాడతాడు. ఆ సినిమా బొంబాయిలో ఆడినప్పుడు జనం రోడ్డెక్కారు. ఎక్కరా మరి? స్వాతంత్ర్య పోరాటం అంత వేడిమీద ఉన్న రోజుల్లో! కానీ కోపం కోర్డా మీదా సామ్రాజ్యం మీదా ఉండాల్సింది. పద్నాలుగేళ్ళ అనాథ పిల్లాడికి స్క్రిప్టు మార్చమనే నోరు ఎక్కడిది?

1940లో థీఫ్ ఆఫ్ బాగ్దాద్. ఇది మాత్రం నా ప్రాణం. ఇంగ్లండులో మొదలుపెట్టారు, యుద్ధం వచ్చిపడితే మూటాముల్లె సర్దుకుని హాలీవుడ్‌లో పూర్తిచేశారు. మూడు ఆస్కార్లు వచ్చాయి. ఇవాళ మన హైదరాబాద్ వీఎఫ్ఎక్స్ కుర్రాళ్ళు రోజంతా కుస్తీపట్టే గ్రీన్ మ్యాట్‌కి తాత లాంటి, వెనక నీలం తెర పెట్టి బొమ్మలు కలిపే బ్లూ స్క్రీన్ పనితనం అందులోదే. సాబు అందులో అబూ అనే చిల్లర దొంగ. సీసాలోంచి కొండంత భూతం బయటికొస్తుంది. (ఆ భూతం వేసిన రెక్స్ ఇంగ్రామ్ నల్లజాతి నటుడు. బానిసగా ఉండి విడుదలయ్యే పాత్ర అతనికి ఇచ్చారు, అది ఇంకో పోస్టు.) మూడు కోరికలు కోరుకోమంటుంది. మనమైతే ఏం అడుగుతాం? కోకాపేటలో ఫ్లాటు. అబూకి ఆకలేస్తోంది. వాళ్ళమ్మ వేయించి పెట్టేలాంటి సాసేజ్‌లు కావాలంటాడు. పెనం వచ్చి వాలుతుంది, చుయ్ చుయ్ మంటూ.

సరే, చివరికొస్తే, రాజుగారు అబూని చదివిస్తాను, పెద్దయ్యాక మంత్రిని చేస్తాను అంటాడు. చదువు, పదవి అనేసరికి కుర్రాడు బెంబేలెత్తి మాయ తివాచీ ఎక్కి పరార్. హాలంతా చప్పట్లు కొట్టే సీను అది. నేనూ కొట్టాను. తర్వాత ఒకరోజు బైక్ మీద వెళ్తుంటే వెలిగింది: మిగిలిన జీవితమంతా సాబు చేత ఇదే సీను చేయించారు కదా! పెద్దవాడు అయ్యే అవకాశం వచ్చిన ప్రతిసారీ తివాచీ ఎక్కించి పంపేశారు.

1942లో జంగిల్ బుక్ సినిమాలో మోగ్లీ. గోచీ, తోడేళ్ళు, అడవి. ఆపైన యూనివర్సల్ వాళ్ళు మరియా మాంటెజ్, జాన్ హాల్ జంటతో రంగురంగుల సినిమాలు తీస్తుంటే అందులో సాబు పని హీరోకి తోడు తిరగడం. అంటే మన సినిమాల్లో హీరో ఫ్రెండు. ప్రపంచమంతా పోస్టరు మీద గుర్తుపట్టే మొహం, ప్రేమకథ మాత్రం పక్కవాడిది. అప్పటికి ఇరవై ఏళ్ళు!

తెరమీద పెద్దవాణ్ణి కానివ్వలేదు, బయట అయ్యాడు. 1944లో అమెరికా పౌరసత్వం వచ్చింది, వాయుసేనలో చేరాడు. స్టారు కదా, ఊరూరా తిరిగి యుద్ధ బాండ్లు అమ్మిపెడితే సరిపోయేది, చాలామంది అదే చేశారు. ఇతను పసిఫిక్‌లో బి-24 బాంబర్ తోకలో తుపాకి పట్టుకుని కూర్చున్నాడు. ఆ సీటు ఎలాంటిదో ఒకసారి ఊహించుకోండి. విమానం ముందుకి పోతుంటే నువ్వు వెనక్కి చూస్తూ, నీ వాళ్ళందరికీ వీపు పెట్టి, అద్దాల గూట్లో ఒక్కడివే. వెంటబడే శత్రువుకి ముందు కనబడేది నువ్వే. పదులకొద్దీ దాడులకి వెళ్ళొచ్చాడు. డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ అనే సాహస పతకం ఇచ్చారు. బాబాయి వీడియోలో దీనికి ఇచ్చింది ఆరు సెకన్లు. ఏనుగు పేడకి నిమిషంన్నర.

అంతటి పతకం తెచ్చుకుని వచ్చిన మనిషికి ఏ పాత్రలు వచ్చాయి? ఒక్కటి మంచిది వచ్చింది. 1947లో బ్లాక్ నార్సిసస్. హిమాలయాల్లో క్రైస్తవ సన్యాసినుల మఠానికి చదువుకోడానికి వచ్చే యువరాజు. పట్టుబట్టలు, నగలు, లండన్ అత్తరు. ఒంటినిండా బట్టలున్న సాబుని చూస్తే నాకు కళ్ళు చెమర్చాయి, నవ్వకండి. ఆ సినిమాలో పక్కన కొండపిల్లగా చేసిన జీన్ సిమన్స్ తెల్లమ్మాయి, ఒంటికి రంగు పూసుకుంది. ముసలి జనరల్, ఆయా, వాళ్ళూ రంగు పూసుకున్న తెల్లవాళ్ళే. అసలు రంగుతో వచ్చిన ముఖ్య నటుడు సాబు ఒక్కడే. ఒక భారతీయ పాత్ర వేయాలంటే భారతీయుడే అక్కర్లేదని వాళ్ళు నమ్మిన రోజులవి. అలాంటప్పుడు సాబు కోసం పెద్ద పాత్రలు ఎవడు రాస్తాడు? చిన్నప్పుడు అతను పనికొచ్చింది ఏనుగు ఎక్కడానికి. ఆ పని ఏ తెల్ల పిల్లాడికి రంగు పూసినా రాదు కాబట్టి తీసుకెళ్ళారు.

హాలీవుడ్‌ని తిట్టి మనం చేతులు దులుపుకోవద్దు. మనమేం చేశాం? మెహబూబ్ ఖాన్ మదర్ ఇండియాలో బిర్జూ పాత్రకి సాబుని అనుకున్నాడు. కుదరలేదు, సునీల్ దత్ వేశాడు. ఎంత పాత్ర అది! కోపం, రోషం, తల్లి చేతిలో చావు. పెద్దవాడి పాత్ర. అది పోయింది, ఇంకోటి రాలేదు. సాబు ఒక్క భారతీయ సినిమాలో కూడా నటించలేదు. మైసూరు పక్కనే మద్రాసు, అంత పెద్ద పరిశ్రమ. అయినా "మనవాడు" అని వీడియోలు చేసుకోడానికి మాత్రం ముందుంటాం.

సినిమాలు తగ్గాక యూరప్‌లో వచ్చినవేవో చేశాడు, సర్కస్‌లో ఏనుగులతో ఆడాడు, స్థలాలు ఇళ్ళ వ్యాపారం చేశాడు. పెళ్ళి చేసుకున్నాడు, ఇద్దరు పిల్లలు. 1960లో హాలీవుడ్ ఫుట్‌పాత్ మీద అతని పేరుతో నక్షత్రం వేశారు. 1963 డిసెంబరు 2న గుండెపోటుతో పోయాడు. ముప్పైతొమ్మిదేళ్ళు. చివరి సినిమా డిస్నీ వాళ్ళది, పోయాక 1964లో వచ్చింది. అందులో ఏం పాత్రో చెప్పనా? సర్కస్ పులిని ఆడించేవాడు.

నేను బెంగళూరులో ఉద్యోగం. కబిని వీకెండ్ ట్రిప్పు మా ఆఫీసులో ఆనవాయితీ. ఒకసారి వెళ్ళినప్పుడు కారాపుర చూశాను. చుట్టూ రిసార్టులు, జీపులు, పొద్దున్నే దుప్పట్లు కప్పుకుని పులికోసం చూసే మనలాంటి వాళ్ళు. ఒకప్పుడు ఏనుగుల్ని తోలి పట్టిన ఖెడ్డాల చోటు ఆనకట్ట నీళ్ళ కింద ఉంది. సాబు పేరున ఏమన్నా ఉందేమోనని చూశాను, నాకైతే ఒక బోర్డు కూడా కనబడలేదు. డిన్నర్లో మాత్రం గోడమీద మహారాజులు, దొరలు, చచ్చిన పులుల ఫొటోలు బోలెడు.

బాబాయి పిల్లలకి చూపించమన్నాడు కదా. చూపించాను, ఆ వీడియో కాదు, థీఫ్ ఆఫ్ బాగ్దాద్. మా పాపకి ఏడేళ్ళు. మాటలు అర్థంకాకపోతే నేను తెలుగులో చెబుతూ కూర్చున్నాను. భూతం రాగానే నా చెయ్యి పట్టుకుంది. సాసేజ్‌లు రాగానే వదిలేసింది. అవి ఏంటని అడిగితే వాళ్ళమ్మ చేసిపెట్టే టిఫిన్ లాంటివి అన్నాను. అబూ వేళ్ళు కాల్చుకుంటూ గబగబా తింటున్నాడు.

"వాళ్ళమ్మ ఏది నాన్నా?" అంది.

లేదురా అన్నాను. సినిమాలోనా, నిజంగానా అని అడిగింది. రిమోట్ కోసం వెతుకుతున్నట్టు నటించాను.